ఇది చావు కబురు కాదు

మళ్ళీ వచ్చింది. ముందు కిటికీ అద్దం సన్నగా అదిరింది, తర్వాత చప్పుడు, వాడరేవు వైపు సముద్రం మీద మొదలై మా డాబా మీదుగా పొలాల వైపు సాగిపోయింది, పోతూ పోతూ ఎదురు జీడిపప్పు షెడ్డులో ఆడవాళ్ళ మాటల్ని కాసేపు మింగేసింది, తర్వాత మళ్ళీ వాళ్ళ మాటలు, గింజలు కొట్టే టకటక, పెంకు మాడిన వాసన. అమ్మ నా నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. ఇంతకుముందు కూడా ఒకసారి వెళ్ళింది. ఇంత దగ్గరదాకా వచ్చి ఇంట్లోకి రాకుండా పోవడం మా అమ్మ కరీమున్‌కి అలవాటే లేదు, మార్టూరులో పెళ్ళికెళ్ళినా పొద్దు గూకేలోపు వచ్చి పడే మనిషి, తన చాప తన కింద లేకపోతే కన్ను మూత పడదనే మనిషి. నా చేతులు మాత్రం కీబోర్డు మీదే ఉన్నాయి. జెడ్డా నుంచి విజయవాడ రావలసిన విమానం ఏమైందండీ అని తెర మీద ఎవరో అడుగుతున్నారు. నేను జవాబు రాస్తున్నాను, ప్రియమైన అతిథీ, మీ ఆందోళనను మేము అర్థం చేసుకొనుచున్నాము.

అర్థం చేసుకొనుచున్నాము. ఈ ముక్క రాసినవాడెవడో గానీ వాడింట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. పై ఆఫీసు నుంచి తయారు వాక్యాలు వస్తాయి, ఆలస్యానికొకటి, రద్దుకొకటి, సామాను పోతే ఒకటి, ఇలాంటి రోజులకొకటి. తెలుగులో అడిగినవాళ్ళకి తెలుగు వాక్యం అతికించడం నా పని. వేటపాలెంలో మా ఇంటి నడవలో, నాన్న పరుపులు కుట్టిన మిషను బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక విమానాల కంపెనీ తరఫున నేను లోకానికి క్షమాపణలు చెబుతుంటాను. నగ్మాకేం, ఇంట్లో కూర్చుని విమానాలు నడుపుతోంది అంటారు వీధిలో. నడపడమెక్కడ, నేనింతవరకు విమానం ఎక్కనే లేదు. అమ్మే ముందు ఎక్కింది. మా వీధి ఆడవాళ్ళంతా కలిసి మక్కాకి, ఉమ్రా యాత్రకి బయలుదేరుతుంటే నేనూ వెళ్తానంది, వెళ్ళమ్మా అన్నాను, మా కంపెనీ విమానంలోనే టికెట్ తీశాను, కిటికీ పక్క సీటు చూసి మరీ తీశాను. ఆ సీటు ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో నాకు తెలుసు, తెలిసి కూర్చున్నాను.

సంగతి ఏమిటంటే, ముందు చక్రం దిగిందో లేదో పైలట్‌కి తెలియడం లేదు. దిగి గట్టిగా బిగుసుకుంటే ఒక దీపం వెలగాలట, అది వెలగలేదు. దీపమే పాడైందో చక్రమే ఇరుక్కుందో గాలిలో ఉండి చెప్పలేరు. అందుకని ఇంధనం తగ్గేదాకా సముద్రం మీదా మా ఊళ్ళ మీదా తిరిగి, బరువు తగ్గాక గన్నవరంలో దిగుతారు, రన్‌వే పక్కన ఫైరింజన్లు నిలబెడతారు. ప్రయాణికులంతా క్షేమంగానే ఉన్నారట. ఇదంతా మా లోపలి గ్రూపులో ఉంది. బయటికి చెప్పవలసింది మాత్రం ఒక్క ముక్కే, సాంకేతిక కారణం. సాంకేతిక కారణం వలన విమానము ఆలస్యమగుచున్నది. ఎవరో ఫోనులో విమానాల దారి చూపించే బొమ్మ తీసి పెట్టేశారు, మన తీరం మీద గీత గుండ్రంగా చుట్టలు చుట్టలుగా ఉంది, దాని కింద వందలమంది చేరి అడుగుతున్నారు, ఇదేం ఆలస్యం, ఆలస్యమైన బస్సు ఊరి చుట్టూ తిరుగుతుందా అని. నిజమే కదా. వాళ్ళు గీతను చూస్తున్నారు, నేను చప్పుడు వింటున్నాను, ఇద్దరికీ తెలిసిన విషయాన్ని దాచమని నాకు జీతమిస్తున్నారు.

పొద్దున మా షిఫ్టు ఇన్‌ఛార్జి జయపాల్ గారు వరసగా పనులు చెప్పారు. హైదరాబాదులో ఉంటారు, ఒంగోలు దగ్గర పాస్టరుగారి అబ్బాయి, ఎంత కంగారులోనూ అండీ అనడం మానని మనిషి. ముందు ప్రకటనలు ఆపండి అన్నారు. ఆపేలోపే ఒకటి వెళ్ళిపోయింది, ఎప్పుడో టైము పెట్టి ఉంచిన ఆఫరు, మబ్బుల మధ్య నవ్వుతున్న పిల్ల, సగం ధరకే ఆకాశంలో తిరిగి రండి అని. దాని కింద జనం పెట్టిన తిట్లు చదువుతుంటే నా చెవులు కాలాయి, వాళ్ళని తప్పు పట్టలేను, నేనైనా అదే తిడతాను. తీసేశాను. తర్వాత ఆయన ఒక బొమ్మ పంపారు. మా కంపెనీ గుర్తే, రోజూ చూసేదే, కాకపోతే రంగు లేదు, బూడిద రంగు. దాన్ని దగ్గర పెట్టుకోండి నగ్మా గారూ, వాడకూడదనే కోరుకుందాం అన్నారు. చెడు జరిగితే మొదట చేసేది అదేనట, గుర్తులోంచి రంగు తీసేయడం. ఇప్పుడు ఆ బొమ్మ నా తెర మూలన కూర్చుని ఉంది, పక్కనే సురక్షితముగా దిగినది అనే వాక్యం కూడా కూర్చుని ఉంది, రెండూ నా వేలి కోసం చూస్తున్నాయి. మా అమ్మకి పాడె మీద చుట్టే కఫన్ గుడ్డ కొలిచి మడిచి నా చేతికిచ్చి, కాస్త పట్టుకోమ్మా అన్నట్టుంది.

అయినవాళ్ళు విమానంలో ఉంటే వెంటనే చెప్పి పని దిగిపోవాలి, అదీ నియమమే. నేను చెప్పలేదు. చెబితే జయపాల్ గారు అయ్యో అంటారు, ప్రార్థన చేస్తాను అంటారు, వెంటనే నా తెర మూసేస్తారు. అప్పుడు నేనూ ఆ వందలమందిలో ఒకదాన్నై, మీ ఆందోళనను అర్థం చేసుకొనుచున్నాము అనిపించుకుంటూ కూర్చోవాలి. లోపల ఉంటే కనీసం తెలుస్తుంది. తెలిసి ఏం చేస్తున్నానంటే ఏమీ చేయడం లేదు, మంచినీళ్ళు తాగలేదు, అమ్మ వస్తుందని నానబెట్టిన బియ్యం అలాగే ఉన్నాయి, ఈపాటికి పొంగి విరిగిపోతుంటాయి.

షానవాజ్ ఫోను. మోగడం లేదు, వెలుగుతోంది అంతే, మిషను బల్ల మీద సన్నగా వణుకుతోంది. నా తమ్ముడు. అమ్మని తీసుకురావడానికి తెల్లారకముందే కారు కట్టించుకుని గన్నవరం పోయాడు. గుంటూరు మిర్చి యార్డులో కొట్టు వాడిది, ఘాటుకి తుమ్మి తుమ్మి గొంతు పెద్దదైపోయింది, వాడు మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నాడనుకుంటారు. అక్క విమానాల కంపెనీలో చేస్తుందని వాడికి తెలుసు, టికెట్లు కొట్టే పనేదో అనుకుంటాడు. ఎత్తితే ఏం చెప్పను. వాడికి నేను చెప్పగలిగిందీ, చెప్పకూడదన్నదీ ఒక్కటే. ఒరేయ్ నాకేం తెలీదురా అనాలి, ఆ అబద్ధం వాడి దగ్గర నిలబడదు, చిన్నప్పటినుంచీ నా గొంతు వాడికి అద్దం. ఎత్తలేదు. వెలుగు ఆరిపోయింది. కాసేపటికి తెర మీద ప్రత్యక్షమయ్యాడు. అదే వాడు, పేరుతో సహా, ఎర్రటి మిరపకాయల గుట్ట ముందు నిలబడిన ఫోటోతో సహా. మా అమ్మ మీ విమానంలో ఉంది, ఇక్కడ అడిగితే ఒక్కడూ నోరు విప్పడం లేదు, బతికున్నారా లేదా ఒక్క మాట చెప్పండి అని రాశాడు.

వరసలో ఎవరి ముందుకొస్తే వాళ్ళే జవాబివ్వాలి. నా ముందుకే వచ్చింది. నేను నా తమ్ముడికి రాశాను, ప్రియమైన షానవాజ్ గారూ, మీ ఆందోళనను మేము అర్థం చేసుకొనుచున్నాము, దయచేసి మీ బుకింగ్ నంబరును మాకు సందేశము పంపగలరు. గారు అని కూడా రాశాను వాడిని, వాడి జన్మలో నేను వాడిని గారు అనలేదు. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు, టికెట్ తీసిందే నేను. వాడి నుంచి జవాబు రావడానికి ఎంతో సేపు పట్టలేదు. మీ అమ్మ ఆ విమానంలో ఉండుంటే ఇలాగే రాసేవాడివా అన్నాడు.

ఎండ పడి కళ్ళు మండుతున్నాయి. ఎండ కాదులే. ఏడుస్తున్నాను, ఏడిస్తే ఏమైంది, ఎవరు చూస్తారు ఇక్కడ.

నాన్న ఉండుంటే. నాన్నకి ఈ పని బాగా తెలుసు. మీరా హుస్సేన్ అంటే పరుపులు కుట్టే మీరా హుస్సేన్ అనే తెలుసు బయటివాళ్ళకి, మా వీధికి మాత్రం ఆయన మసీదు మైకు. ఐదు పూటలా అజాన్ చెప్పేవాడు, మిగతా వేళల్లో వీధి కబుర్లన్నీ ఆ మైకులోనే చెప్పేవాడు, రేషను బండి వచ్చింది, కంటి డాక్టర్లు వచ్చారు, ఫలానావాళ్ళ మేక తప్పిపోయింది, ఫలానా ఆయన పోయారు. మైకు వేయగానే అది గరగరమనేది. అజాన్ వేళ కాని వేళ ఆ గరగర వినబడితే చాలు, వీధి వీధంతా చేతిలో పని చేతిలోనే ఆపేది, ఎవరు, ఎవరింట్లో, అని. సిద్దికా పెద్దమ్మకైతే కాళ్ళు చచ్చుబడిపోయేవి, ఆమె కొడుకు హయాత్ చీమకుర్తి క్వారీలో రాళ్ళ కింద పనిచేసేవాడు మరి. ఒకరోజు మైకు గరగరమంది, నాన్న గొంతు సవరించుకున్నాడు, ఆ సవరించుకునే కాస్తలోనే కుళాయి దగ్గర పెద్దమ్మ బిందెతో సహా పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇంతా చేసి ఆ కబురు మేక కబురు. ఆ పూట ఇంట్లో అమ్మ నాన్నని నిలబెట్టి కడిగేసింది, మేక కోసం మనుషుల్ని చంపుతావా, ముందు చావు కాదని చెప్పు, ఆ తర్వాత నీ మేక ఊసెత్తు అని.

మర్నాటి నుంచి నాన్న మైకు అలాగే మొదలయ్యేది. ఇది చావు కబురు కాదు, రేషను బండి వచ్చింది. ఇది చావు కబురు కాదు, రేపు కరెంటు ఉండదు. పొరుగు వీధుల వాళ్ళు నవ్వేవాళ్ళు, చీరాల నుంచి వచ్చిన చుట్టాలు పొట్టలు పట్టుకునేవాళ్ళు, మేము మాత్రం నవ్వలేదు, మాకు ఆ మొదటి మాట పడితే గానీ ఊపిరి ఆడేది కాదు. రెండో మాట సగం మంది వినేవాళ్ళే కాదు, పనిలో పడిపోయేవాళ్ళు. చావైతే ఆ మాట ఉండదు, ఇన్నా లిల్లాహి ఉంటుంది, వెంటనే పేరు ఉంటుంది, ఆ పేరు కూడా నాన్న ఇంటికెళ్ళి తన కళ్ళతో చూసి వచ్చాకే చెప్పేవాడు. చూడనిది చెప్పకూడదు, చూసింది దాచకూడదు అనేవాడు పరుపులో దూది కూరుతూ, ఏదో పరుపు సంగతి చెబుతున్నట్టే. నాన్న పోయిన పొద్దున బుడాన్ మైకు అందుకున్నాడు, నాన్న దగ్గరే నేర్చుకున్నవాడు, ఇప్పుడు అజాన్ వాడిదే. మైకు గరగరమంది. నేను నాన్న పక్కనే కూర్చుని ఉన్నాను, పోయారని నాకు తెలుసు, నేనే కళ్ళు మూశాను, అయినా ఆ గరగర వినగానే ఆ మొదటి మాట కోసం చెవి రిక్కించాను. అది రాలేదు. రాలేదు గనక వీధికి తెలిసిపోయింది, పేరు చెప్పకముందే మా గుమ్మంలోకి మనుషులు వచ్చేశారు.

ఈ తెర మీద ఇప్పుడు ఉన్నది ఆ గరగరే. సాంకేతిక కారణం, గరగర. మీ ఆందోళనను అర్థం చేసుకొనుచున్నాము, గరగర. వాళ్ళంతా కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డారు, మొదటి మాట రావడం లేదు, రావడం లేదు గనక పోయారనే అనుకుంటున్నారు. షానవాజ్ కూడా అలాగే అనుకుంటున్నాడు, గన్నవరంలో గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉంటాడు. చెప్పడానికి నాకేం తెలుసు. దిగుతుందని నాకు తెలియదు, దిగితే నిలబడుతుందని తెలియదు. నాన్నైతే తెలియనిది చెప్పడు. మరి తెలిసింది ఏమిటి. కిటికీ అద్దం అదిరింది. అదిగో, మళ్ళీ, సముద్రం వైపు నుంచి. లేచి డాబా మెట్ల దాకా పరిగెత్తాను, ఎండలో కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను, తెల్లగా, చిన్నగా, తిన్నగా పోతోంది, రెక్కలు రెండూ ఉన్నాయి, పొగ లేదు. చూశాను. నా కళ్ళతో చూశాను.

వచ్చి కూర్చుని రాశాను. తయారు వాక్యాల డబ్బా మూసేసి, నా వేళ్ళతో, మా వీధి తెలుగులో, అందరికీ కనబడేలా కంపెనీ పేజీ మీదే. ఇది చావు కబురు కాదు. జెడ్డా విమానం గాలిలో ఉంది, లోపల అందరూ క్షేమంగా ఉన్నారు. ముందు చక్రం బిగిసిందో లేదో తెలియక బరువు తగ్గించుకోవడానికి తిరుగుతోంది. దిగేటప్పుడు ఫైరింజన్లు కనిపిస్తాయి, అవి జాగ్రత్త కోసం పెట్టినవి. గన్నవరం వచ్చినవాళ్ళు అక్కడే ఉండండి, నీళ్ళు తాగండి. తర్వాత కబురు ఏదైనా దాచకుండా ఇక్కడే చెబుతాం. ఒకసారి చదివాను, నీళ్ళు తాగండి అన్నది తీసేద్దామనుకున్నాను, తీయలేదు. పంపేశాను.

జయపాల్ గారి ఫోను వెంటనే వచ్చింది. తీసేయండి అన్నారు, ఏంటండీ ఇది, చావు అనే మాట కంపెనీ పేజీ మీద పెడతారా అన్నారు, గొంతు పెంచలేదు పాపం. దిగాక తీసేస్తానండీ అన్నాను. అప్పుడు అడిగారాయన.

"మీవాళ్ళెవరైనా ఉన్నారా అందులో?"

"మా అమ్మండి."

"అయ్యో," అన్నారు, అంటారని నాకు తెలుసు. తర్వాత, "ప్రార్థన చేస్తానమ్మా. తెర మాత్రం మూయాలి, నా చేతిలో లేదు," అన్నారు. గారూ అండీ పోయి అమ్మా వచ్చింది, అందుకే కోపం రాలేదు. నేను చూస్తుండగానే తెర తెల్లబడింది, పేరూ పాస్‌వర్డూ అడిగింది, ఇస్తే తప్పంది. బూడిద రంగు బొమ్మ పోయింది, సురక్షితముగా దిగినదీ పోయింది. తర్వాత కబురు ఇక్కడే చెబుతామన్నాను అందరికీ. చెప్పడానికి ఇప్పుడు మైకు నా చేతిలో లేదు.

ఇక చెవి ఒక్కటే మిగిలింది. అద్దం వంక చూస్తూ కూర్చున్నాను. షెడ్డులో ఎవరో నవ్వారు, ఎవరో వీరబాబుని నీళ్ళ క్యాను తెమ్మని కేకేశారు, లారీ ఒకటి గేరు మార్చింది. అద్దం అదరలేదు. ఈపాటికి రావాలి. రాలేదు. రాకపోతే దిగడానికి పోయినట్టు, మంచిదే, చప్పుడు ఉన్నంతసేపూ పో పో అనుకున్నదాన్ని, ఇప్పుడు రా అనుకుంటున్నాను, ఒక్కసారి మా డాబా మీదుగా పోమ్మా, తర్వాత దిగుదువుగాని. తాతయ్య దూది ఏకేటప్పుడు వింటినారి మోగుతూనే ఉండేదట, అది ఆగితే ఊయల్లో నాన్న ఉలిక్కిపడి లేచేవాడట, అమ్మ చెప్పేది. అమ్మ చెబుతుంది. చెప్పేది కాదు, చెబుతుంది. బియ్యం వంపాలి. లేవలేను. అప్పుడు మసీదు మైకు గరగరమంది.

షెడ్డులో టకటక ఆగింది. నాకు తెలుసు జుహర్, మధ్యాహ్నం నమాజు వేళైందని, తలుపు సందులోంచి పడే ఎండ చూస్తే తెలుస్తోంది, తెలిసినా ఒళ్ళు రాయి అయిపోయింది. బుడాన్ దగ్గాడు. ఆ దగ్గు నేను బతికినన్నాళ్ళూ మరచిపోను. అల్లాహు అక్బర్ అన్నాడు. అజాన్. టకటక మళ్ళీ మొదలైంది. అజాన్ అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను, దువా చేయాలని చేతులు పట్టాను గానీ ఏ మాటా రాలేదు, చేతులు మాత్రం పట్టుకునే ఉన్నాను, ఆ చేతుల్లోకే ఫోను వెలుగు పడింది. అమ్మ పేరు.

"నగ్మా, దిగాం," అంది అమ్మ. "తలలు మోకాళ్ళకి ఆనించమన్నారే, నా మోకాళ్ళ సంగతి వాళ్ళకేం తెలుసు, సిద్దికా నా చెయ్యి పిసికి పిసికి చంపింది. విమానంలో కూడా మైకు పెట్టారు, గరగరమంటది, ఇంగ్లీషంటది, హిందీ అంటది, మొదటి మాట మటుకు చెప్పడు. చెప్తే ఏం పోయింది వాడికి?"

అన్నం వండావా అంది. వండుతున్నానమ్మా అన్నాను. ఏడుస్తున్నావా అంది, లేదన్నాను, సరే అంది, ఖర్జూరాల సంచి ఇంకా రాలేదు, మీ కంపెనీ వాళ్ళనే అడుగు అంది. ఆమెకి నా ఉద్యోగం అంటే ఇప్పటికీ అదే, అడిగితే సంచి తెచ్చి ఇచ్చేది. ఉందో ఊడిందో రేపు తెలుస్తుంది, ఇవాళ ఎందుకు చెప్పడం. పెట్టేశాక నా సొంత ఫోనులో, ఊళ్ళో అందరిలాగే, కంపెనీ పేజీ తెరిచాను. పైన కొత్త వాక్యం పెట్టేశారు, విమానము సురక్షితముగా దిగినది, ప్రయాణికుల భద్రతయే మా ప్రథమ కర్తవ్యము. నా మాట లేదు, ఉన్న చోట ఈ పోస్టు తొలగించబడింది అని ఉంది. జవాబులు మాత్రం తీయలేదు, తీయలేరేమో, కింద వరసగా ఉన్నాయి. వాటిలో మిరపకాయల గుట్ట ముందు నిలబడ్డ ఫోటో కనబడింది. టైము చూశాను, విమానం ఇంకా గాలిలో ఉన్నప్పుడే రాశాడు. రెండే మాటలు.

సరే అక్కా.

దాని కింద ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడుగుతున్నారు, అక్క ఎవరు బ్రో, కంపెనీని పట్టుకుని అక్కా అంటావేంటి అని. వాడు ఎవరికీ జవాబు చెప్పలేదు.